పేటెంటు ప్రభుత్వానికి ఇచ్చేసిన ఉద్యోగి: జాన్ గరాండ్

అమ్మానాన్నలకు బదిలీ అయినప్పుడల్లా మనం ఊరు మారుతుంటాం. కొత్త బడిలో అడుగుపెట్టిన మొదటి రోజున పక్కవాళ్ళ భాష అర్థం కాక బిక్కమొహం వేయడం మనందరికీ అనుభవమే. సరిగ్గా అలాంటి అనుభవంతోనే మొదలైంది జాన్ గరాండ్ జీవితం. ఆయన పేరు వినని వారు కూడా ఆయన చేసిన ఎం1 రైఫిల్‌ను పాత యుద్ధ చిత్రాలలో చూసే ఉంటారు.

గరాండ్ 1888 జనవరి 1న కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో, సెయింట్ రెమీ దగ్గర పుట్టాడు. ఇంట్లో పన్నెండుమంది పిల్లలు. మాట్లాడే భాష ఫ్రెంచి. 1899లో తల్లి చనిపోయాక, తండ్రి పిల్లలను తీసుకుని అమెరికాలోని కనెక్టికట్‌కు వలస వెళ్ళాడు. అక్కడ ఒక బట్టల మిల్లులో నేల ఊడ్చే పనిలో చేరిన గరాండ్, ఆ పని చేస్తూనే ఇంగ్లీషు నేర్చుకున్నాడు. మిల్లులో యంత్రాలు ఎలా తిరుగుతున్నాయో గమనించి, కొన్నేళ్ళలో తానే మెషినిస్టు అయ్యాడు. గురి చూసి కాల్చే ఆటలశాలలో పని చేయడం వల్ల తుపాకుల మీద కూడా ఆసక్తి పెరిగింది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం తేలికపాటి మెషిన్‌గన్ నమూనాలు కావాలని అడిగింది. గరాండ్ పంపిన నమూనా అధికారులకు నచ్చింది. ఆ తుపాకీ తయారయ్యేసరికి యుద్ధం ముగిసిపోయింది కానీ, ఆయనకు ప్రభుత్వోద్యోగం దొరికింది. 1919లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో చేరాడు.

ఆ రోజుల్లో సైనికుల చేతిలో ఉన్నది బోల్టు రైఫిల్. ఒక తూటా పేల్చాక చేత్తో బోల్టు వెనక్కి లాగి, ముందుకు తోస్తే గానీ రెండోది పేలదు. మన దేశంలో ఇషాపూర్ కర్మాగారంలో తయారైన లీ ఎన్‌ఫీల్డ్ కూడా ఆ రకందే. ఈ పని తుపాకీయే చేసుకునేలా చేయమన్నారు గరాండ్‌ను. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత భాగాన్ని వాడుకుని బోల్టును వెనక్కి నెట్టించాలన్నది ఆయన పద్ధతి. వినడానికి సులువే. కానీ బురద, ఇసుక, చలి అన్నిటినీ తట్టుకోవాలి, బరువు పెరగకూడదు, లక్షల సంఖ్యలో తయారు చేయడానికి వీలుండాలి. అందుకు పదిహేనేళ్ళకు పైగా పట్టింది.

ఆయనకు గట్టి పోటీదారు పెడర్సన్ అనే మరో నిపుణుడు. పెడర్సన్ .276 అంగుళాల చిన్న తూటాను రూపొందించాడు. గరాండ్ కూడా తన రైఫిల్‌ను ఆ తూటాకు తగ్గట్టు మార్చుకున్నాడు. పరీక్షలలో గరాండ్ రైఫిలే గెలిచింది. ఇక అంతా అయిపోయినట్టే అనుకుంటుండగా, 1932లో సైన్యాధిపతి మెకార్థర్ కొత్త తూటా వద్దన్నాడు. పాత .30 అంగుళాల తూటాలు గోదాముల నిండా ఉన్నాయి, మెషిన్‌గన్లూ వాటితోనే పనిచేస్తున్నాయి. పైగా అది ఆర్థికమాంద్యం కాలం. రైఫిల్ మారితే తూటా, తూటా మారితే దాన్ని చేసే యంత్రాలు, ఇలా ఖర్చు పెరుగుతూ పోతుంది. గరాండ్ నిరాశపడి కూర్చోలేదు. తన రైఫిల్‌ను మళ్ళీ పెద్ద తూటాకు తగ్గట్టు మలిచాడు. పది తూటాల క్లిప్పు ఎనిమిదికి తగ్గింది.

1936 జనవరి 9న సైన్యం ఆ రైఫిల్‌ను స్వీకరించింది. అదే నెలలో గరాండ్ తన ఆవిష్కరణల హక్కులన్నీ ప్రభుత్వానికి రాసి ఇచ్చేశాడు. తర్వాత కర్మాగారంలో దాన్ని తయారు చేయడానికి కావలసిన యంత్ర పరికరాలను కూడా చాలావరకు తానే రూపొందించాడు. మొదట్లో తయారైన వాటిలో వాయువును పట్టే భాగం సరిగ్గా పనిచేయకపోతే, తప్పు ఒప్పుకుని ఆ భాగాన్నే మార్చేశాడు.

రెండో ప్రపంచయుద్ధంలో ఎదుటి సైన్యాల సిపాయిలు ఎక్కువమంది ఇంకా బోల్టు లాగుతుండగా, అమెరికా సైనికుడు ఎనిమిదిసార్లు వరుసగా కాల్చగలిగాడు. యుద్ధం ముగిసేసరికి దాదాపు 40 లక్షల రైఫిళ్ళు తయారయ్యాయి. జనరల్ పాటన్ దాన్ని అప్పటివరకు వచ్చిన యుద్ధ సాధనాలన్నిటిలోకి గొప్పదని మెచ్చుకున్నాడు.

మరి గరాండ్‌కు దక్కిందేమిటి? నెల జీతం, రెండు పతకాలు. ఒక్కో రైఫిల్‌కు ఒక్క డాలరు వచ్చినా ఆయన కోటీశ్వరుడయ్యేవాడు. ఆయనకు లక్ష డాలర్లు ఇవ్వాలని అమెరికా పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. ఆయన 1953 దాకా అదే కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. 1974లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే కన్నుమూశాడు.

ఈ కథ చెప్పుకున్నప్పుడు మా తరగతిలో పెద్ద వాదనే జరిగింది. జీతం తీసుకుని చేసిన పనికి మళ్ళీ డబ్బెందుకని కొందరం అన్నాం. పదిహేనేళ్ళ కష్టానికి దేశం కృతజ్ఞత చూపవలసింది పతకంతోనేనా అని మిగతావాళ్ళం అడిగాం. ప్రాణాలు తీసే వస్తువు చేసినవాణ్ణి పొగడవచ్చా అన్న ప్రశ్న కూడా వచ్చింది. ఏదీ తేలలేదు. ఆయన అడగలేదు కాబట్టి ఇవ్వనక్కరలేదన్న మాటను మాత్రం మేమెవరం ఒప్పుకోలేకపోయాం.

2022లో అమెరికా సైన్యం మళ్ళీ కొత్త రైఫిల్‌ను ఎంచుకుంది. ఈసారి 6.8 మిల్లీమీటర్ల కొత్త తూటాను, దూరాన్ని లేజర్‌తో కొలిచి గురి ఎక్కడ పెట్టాలో లెక్క కట్టి చూపే దుర్భిణినీ దానితోపాటే తీసుకుంది.  గరాండ్ పనిచేసిన ఆ పాత కర్మాగారం 1968లో మూతపడి, ఇప్పుడు మ్యూజియం అయింది. ఆయన చేసిన రైఫిళ్ళు అక్కడ అద్దాల వెనుక నిశ్శబ్దంగా ఉన్నాయి.