ఫరియా అనే ఇంటిపేరు

డిసౌజా, పింటో, ఫరియా అనే ఇంటిపేర్లు మీరు వినే ఉంటారు. పోర్చుగీసు పాలనలో క్రైస్తవం తీసుకున్న గోవా కుటుంబాలకు వచ్చిన పేర్లివి. పేరు అక్కడిది, మనిషి ఇక్కడివాడే.

అబే ఫరియా అలాంటివారే. 1756లో గోవాలోని కాండోలింలో పుట్టారు. పదిహేనో ఏట తండ్రి వెంట లిస్బన్ వెళ్లి, రోములో చదివి, మతగురువు అయ్యారు. ఒకసారి రాణిగారి ముందు ప్రసంగించాల్సి వస్తే నోరు పెగల్లేదట. వీళ్లంతా కూరగాయలే, తరిగెయ్యి అని తండ్రి మెల్లగా కొంకణిలో అన్నారట. సొంత భాషలో ఆ మాట వినగానే భయం పోయిందని గోవాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1813లో పారిస్‌లో మనుషుల్ని మాటతో నిద్రపుచ్చి చూపించడం మొదలుపెట్టారు. అది నిద్రపుచ్చేవాడి మహిమ అని అప్పట్లో అందరూ నమ్మేవారు. ఫరియా మాత్రం తన దగ్గర ఏ మహిమా లేదని, అంతా నిద్రపోయేవాడి మనసులోనే ఉందని చెప్పారు. ఒక నటుడు నిద్రపోయినట్టు నటించి ఆయన్ని నవ్వులపాలు చేశాడు. 1819లో పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన చెప్పిందే సరైనదని తర్వాతి తరం వైద్యులు ఒప్పుకున్నారు.

తల్లిదండ్రులారా, పణజీ వెళితే పాత సచివాలయం పక్కన ఆయన విగ్రహం ఉంటుంది. పిల్లలకు తప్పక చూపించండి. గొప్ప చెప్పుకునే వీలున్నా నిజమే చెప్పిన మనిషి అని కూడా చెప్పండి.