బళ్ళారి రాఘవ

బళ్ళారి రాఘవ (ఆగస్టు 2, 1880 - ఏప్రిల్ 16, 1946) తెలుగు నాటకరంగంలో సహజ నటనకు బాటలు వేసిన ప్రముఖ నటుడు, న్యాయవాది. ఈయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. జీవితాంతం న్యాయవాద వృత్తిని కొనసాగిస్తూ, నాటకాన్ని జీవనోపాధిగా కాక ఒక వ్రతంగా స్వీకరించిన ఔత్సాహిక నటుడు. పద్యాన్ని రాగాలతో సాగదీయడమే నటన అని ప్రేక్షకులు నమ్మిన రోజులలో మాటకు, భావానికి ప్రాధాన్యమిచ్చాడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని వాదించి ఆచరణలో పెట్టాడు. తెలుగుతో పాటు కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాటకాలలోను నటించాడు. నేడు కోస్తా జిల్లాలలో జరిగే ఏకాంకిక, నాటిక పోటీలలో మనం చూసే వచన సాంఘిక నాటక సంప్రదాయం వేళ్ళూనుకోవడంలో ఈయన పాత్ర చాలా పెద్దది.

బాల్యం, విద్యాభ్యాసం

రాఘవ అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించాడు. తల్లి శేషమ్మ, తండ్రి నరసింహాచార్యులు. తండ్రి బళ్ళారిలో పండితుడుగా పనిచేయడం వలన రాఘవ చదువు అక్కడే సాగింది. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడై, 1905లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని బళ్ళారిలో ప్రాక్టీసు ప్రారంభించాడు. కొద్దికాలంలోనే క్రిమినల్ కేసులలో మంచి పేరు వచ్చింది. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశాడు. 1933లో ప్రభుత్వం రావుబహద్దూరు బిరుదు ఇచ్చింది.

నాటకం ఈయనకు ఇంటి విద్య వంటిది. ఆంధ్ర నాటక పితామహుడుగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853 - 1912) ఈయనకు మేనమామ. ధర్మవరం బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పి చిత్రనళీయం, విషాద సారంగధర వంటి స్వతంత్ర నాటకాలు రచించి ప్రదర్శించాడు. అదే ఊరిలో కోలాచలం శ్రీనివాసరావు (1854 - 1919) సుమనోరమ సభను నడుపుతూ చారిత్రక నాటకాలకు పేరు తెచ్చుకున్నాడు. ఇద్దరూ ప్లీడర్లే. ఇద్దరి మధ్య పోటీ ఉండేది, ఇద్దరి సభలకూ పక్షాలు ఉండేవి. పగలు కోర్టు, రాత్రి రిహార్సలు అనే జీవితం ఆ ఊరిలో రాఘవకు ముందే అలవాటైన విషయం. బళ్ళారి ఆనాడు మద్రాసు రాజధానిలో భాగం. తెలుగు, కన్నడం రెండూ వీధి భాషలు. ఈ వాతావరణమే రాఘవను బహుభాషా నటునిగా తీర్చిదిద్దింది. చిన్ననాటనే వేషం కట్టిన ఇతడు విద్యార్థి దశలోనే షేక్స్పియర్ నాటకాలపై ఆసక్తి పెంచుకొని, బళ్ళారిలో షేక్స్పియర్ క్లబ్బును స్థాపించాడు.

నటుడుగా

మేనమామ సభ నుండి బయలుదేరినా, రాఘవకు పేరు తెచ్చిన పాత్రలలో ముఖ్యమైనది కోలాచలం రచించిన విజయనగర పతనం (రామరాజు చరిత్ర) లోని పఠాన్ రుస్తుం. ఈ నాటకం హిందూ ముస్లింల మధ్య వైషమ్యాలు రేపవచ్చుననే భయంతో ప్రభుత్వం కొంతకాలం దీని ప్రదర్శనను నిషేధించింది. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు, బృహన్నల ఈయన ధరించిన ఇతర ప్రసిద్ధ పాత్రలు. ఇంగ్లీషులో షైలాక్, ఒథెల్లో వంటి పాత్రలు పోషించాడు. బెంగుళూరులోని అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషన్‌తో ఈయనకు సన్నిహిత సంబంధం ఉండేది.

ఈయన నటనలోని కొత్తదనం అర్థం కావాలంటే ఆనాటి రంగస్థలం ఎలా ఉండేదో తెలియాలి. హార్మోనియం వేదిక పక్కనే ఉండేది. ఒక్కొక్క పద్యాన్ని నటుడు నిమిషాల తరబడి ఆలపించేవాడు. ప్రేక్షకులు వన్స్‌మోర్ అంటే చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పద్యం అందుకునేదని పెద్దలు హాస్యంగా చెప్పుకునేవారు. గుంటూరు ప్రాంతపు ప్రేక్షకులకు పద్యమంటే ప్రాణం. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్రీయంలోని కాటిసీనును, తరువాతి కాలంలో అందులో చేరిన జాషువా పద్యాలను తెల్లవార్లూ కూర్చుని విన్న పల్లెలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. ఆ అభిరుచిని తక్కువ చేయవలసిన పనిలేదు. పద్యనాటకం తెలుగువారి సొంత సొత్తు. అయితే కథ ఆగిపోయి గానకచేరీగా మారడం రాఘవకు నచ్చలేదు. ఈయన పద్యాలను తగ్గించాడు. ఉన్న పద్యాన్ని అర్థం చెడకుండా, మాట్లాడినట్లుగా చెప్పాడు. ముఖకవళికలకు, మౌనానికి, ఎదుటి పాత్ర మాట్లాడుతున్నపుడు తాను ఎలా వినాలి అన్న విషయానికి శ్రద్ధ చూపాడు. పాత్ర స్వభావం తెలుసుకోకుండా వేషం కట్టకూడదన్నది ఈయన పద్ధతి. సంగీతం కోసం వచ్చిన ప్రేక్షకులలో కొందరికి ఇది రుచించలేదు కూడా. ఆ అసంతృప్తికి లొంగకపోవడానికి కారణం ఒక్కటే. ఈయన పూట గడవడం టిక్కెట్ల మీద ఆధారపడి లేదు.

ఔత్సాహికత

పాఠకులు గమనించవలసిన అంశం ఇది. రాఘవ నాటకాల ద్వారా సంపాదించలేదు. న్యాయవాదిగా ఆర్జించిన దానిలో కొంత నాటకాలకే వెచ్చించాడు. ధర్మకార్యాల నిధుల కోసం ప్రదర్శనలు ఇచ్చాడు. ఔత్సాహిక నటుడు అన్న మాటను చాలామంది అనుభవం లేనివాడు అన్న అర్థంలో వాడుతుంటారు. అది పొరపాటు. జీతం పుచ్చుకోనివాడు అని మాత్రమే దాని అర్థం. రాఘవ సాధన ఏ వృత్తి నటునికీ తీసిపోదు.

ఈయన చివరి దశాబ్దాలలో ఆంధ్రదేశంలో కంట్రాక్టు నాటకాలు ప్రబలాయి. కంట్రాక్టరు పేరున్న నటులను వేర్వేరు ఊళ్ళ నుండి ఒక రాత్రికి కుదుర్చుకొని వేదిక ఎక్కించేవాడు. కృష్ణుడు ఒక ఊరు, అర్జునుడు మరొక ఊరు. రిహార్సలు ఉండదు. ఒకరి పద్యం ఒకరు పట్టించుకోరు. వ్యాపారం బాగానే సాగింది గాని, సమష్టి కళ అయిన నాటకం వ్యక్తుల ప్రతాపంగా మిగిలింది. ఔత్సాహిక సమాజాలు నెలల తరబడి కలిసి సాధన చేయడంలో ఉన్న విలువ ఈ నేపథ్యంలోనే స్పష్టమవుతుంది.

సాంఘిక నాటకాలు, స్త్రీలు రంగస్థలం ఎక్కడం

పౌరాణిక, చారిత్రక పాత్రలతో పేరు పొందిన నటుడు సాంఘిక నాటకం వైపు మళ్ళడం సాహసమే. మద్రాసులో న్యాయవాదిగా ఉన్న పి.వి. రాజమన్నారు రచించిన తప్పెవరిది నాటకాన్ని రాఘవ ప్రదర్శించాడు. స్త్రీపురుష సంబంధాలను, కుటుంబంలో స్త్రీకి జరిగే అన్యాయాన్ని చర్చించిన ఈ నాటకం ఆధునిక తెలుగు సాంఘిక నాటకాలలో తొలివరుసలో నిలుస్తుంది. రాజమన్నారు ఏకాంకికలు కూడా వ్రాశాడు. ఈయనే తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన తొలి భారతీయుడు (1948), కేంద్ర సంగీత నాటక అకాడమీ తొలి అధ్యక్షుడు (1953).

ఇటువంటి నాటకాలలో మగవారు ఆడవేషం కడితే విషయ గౌరవం దెబ్బతింటుందని రాఘవ భావించాడు. స్థానం నరసింహారావు వంటి మహానటుడు స్త్రీ పాత్రలలో తెలుగు ప్రేక్షకులను సమ్మోహితులను చేస్తున్న కాలమది. స్థానం ప్రతిభను ఎవరూ కాదనలేరు. కాని అది ఒక అసాధారణ నటుని విద్య, అందరికీ సాధ్యమయ్యేది కాదు. రాఘవ కుటుంబ స్త్రీలను, చదువుకున్నవారిని రంగస్థలం మీదకు రమ్మని ప్రోత్సహించాడు. కొమ్మూరి పద్మావతీదేవి (1908 - 1970), కొప్పరపు సరోజిని మొదలైనవారు ఈయనతో కలిసి నటించారు. నాటకమాడే స్త్రీని సంఘం గౌరవంగా చూడని రోజులలో ఈ స్త్రీలు, వారి కుటుంబాలు ఎదుర్కొన్న నిందలు తక్కువేమీ కావు. ధైర్యంలో సగభాగం, నిజానికి అంతకన్న ఎక్కువ, వారికే చెందుతుంది. రాఘవను గూర్చి వ్రాసేటప్పుడు ఈ సంగతి తరచు మరుగున పడుతుంది.

గుర్తింపు, విదేశయాత్ర

1927లో మహాత్మాగాంధీ బెంగుళూరులో రాఘవ నటించిన దీనబంధు కబీరు హిందీ నాటకాన్ని చూసి మెచ్చుకున్నాడు. 1928లో రాఘవ ఇంగ్లండుకు వెళ్ళి అక్కడి నాటకశాలలను పరిశీలించి, జార్జి బెర్నార్డ్ షాను కలుసుకున్నాడు.

సినిమాలు

సినిమా రాఘవ జీవితంలో చిన్న అధ్యాయం మాత్రమే. ద్రౌపదీ మానసంరక్షణం (1936) లో దుర్యోధనుడుగా నటించాడు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో వచ్చిన రైతుబిడ్డ (1939) లో ధరించిన రైతు పాత్ర వీటిలో చెప్పుకోదగినది. జమీందారీ వ్యవస్థను విమర్శించిన ఈ చిత్రానికి జమీందారుల నుండి తీవ్ర వ్యతిరేకత వచ్చి, కొన్ని ప్రాంతాలలో ప్రదర్శనను నిషేధించారు. చండిక (1940) ఈయన నటించిన మరొక చిత్రం. తెరమీద పనిచేయడం రాఘవకు పెద్దగా తృప్తినిచ్చినట్లు లేదు. తిరిగి నాటకాల వైపే మొగ్గాడు.

పరిషత్తులు, ఏకాంకిక పోటీలు

ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో ఏర్పడింది. సురభి నాటక సమాజానికి చెందిన వనారస గోవిందరావు దీని స్థాపనకు పూనుకున్నవారిలో ముఖ్యుడు. నటుల బాగోగులు, నాటకకళ సంస్కరణ దీని ఆశయాలు. 1940ల నుండి పరిషత్తు నిర్వహించిన పోటీలు ఔత్సాహిక సమాజాలకు కొత్త ఊపిరి పోశాయి. ఆచార్య ఆత్రేయ వంటి నాటక రచయితలు ఈ పోటీల ద్వారానే వెలుగులోకి వచ్చారు. దానిని చూసి జిల్లాలలో, తాలూకా కేంద్రాలలో, చివరకు పల్లెలలో కూడా పరిషత్తులు వెలిశాయి.

ఏకాంకిక ఈ పోటీలకు చక్కగా అమరింది. ఒకే అంకం, సాధారణంగా ఒకే దృశ్యం, అయిదారు పాత్రలు, గంటలోపు ప్రదర్శన. ఒక రాత్రి మూడు నాలుగు సమాజాలు ఆడవచ్చు. ఖరీదైన తెరలు, కిరీటాలు అవసరం లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు ఉంటే మధ్యతరగతి ఇల్లు తయారవుతుంది. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు, రైతులు సాయంత్రం పని ముగించుకొని సాధన చేసుకోవచ్చు. పద్యం పాడే గొంతు లేనివాడు కూడా నటుడు కావచ్చు. ఈ చివరి అవకాశం రాఘవ వంటివారు తెచ్చిన మార్పు ఫలితమేనని ఒప్పుకోవాలి.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో పత్తి, మిరప పంటల డబ్బు చేతికందే సంక్రాంతి మొదలు వేసవి వరకు పరిషత్తులకు అనుకూలమైన కాలం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరి వంటి మెట్ట ప్రాంతపు పట్టణాలలో సైతం పాఠశాల వార్షికోత్సవాలకు ఏకాంకిక తప్పనిసరి. పోటీల వలన నష్టమూ లేకపోలేదు. బహుమతి కోసం న్యాయనిర్ణేతల అభిరుచిని ఊహించి నాటిక వ్రాయించుకోవడం, కన్నీళ్ళు పిండే ముగింపు అతికించడం కనిపిస్తుంది. ఒకే సమాజం అదే నాటికతో ఊరూరా తిరిగి బహుమతులు పోగుచేసుకోవడం కూడా మామూలే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1998 నుండి నంది నాటకోత్సవాలలో సాంఘిక నాటకం, పద్యనాటకాలతో పాటు నాటికలకు కూడా బహుమతులు ఇచ్చింది.

మరణం, స్మృతి చిహ్నాలు

రాఘవ 1946 ఏప్రిల్ 16న బళ్ళారిలో మరణించాడు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అందువలన ఈయన ఊరి పేరు మోసే నటుడు తెలుగువారికి, కన్నడిగులకు ఉమ్మడి ఆస్తి అయ్యాడు. బళ్ళారిలో ఈయన పేరిట రాఘవ కళామందిరం ఉంది. భారత ప్రభుత్వ తపాలా శాఖ 1981లో ఈయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.