పాటతో నిలిచిన తెలుగు
ఘంటసాల వెంకటేశ్వరరావు గారి జీవితము



హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములకు మూడు భాషల మధ్య జీవించుట అలవాటే. ఇంటిలో తెలుగు, బజారులో తమిళము, నలభై కిలోమీటర్లు పోతే బెంగళూరులో కన్నడము. ఈ మూడు భాషలలోను పాడి మెప్పించిన ఒక తెలుగు గాయకుని జీవితమును ఈ సంచికలో మీ ముందు ఉంచుచున్నాము. ఆయన కన్నుమూసి 2024 ఫిబ్రవరికి 50 సంవత్సరములు నిండినవి. అయినను ఆయన కంఠము ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆయన పాటలు మనకు తెలిసినంతగా ఆయన పడిన కష్టములు తెలియవు.

బాల్యము

ఘంటసాల గారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడ తాలూకా చౌటపల్లి గ్రామములో సూరయ్య, రత్తమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడేవారు. పిల్లవానిని భుజముపై ఎక్కించుకొని ఊరూరా కచేరీలకు తీసుకొనిపోయేవారు. ఆ తరంగములకు ఈ చిన్నవాడు నాట్యము చేసేవాడు. అయితే కొడుకు చిన్నతనములోనే తండ్రి చనిపోయారు. సంగీతము నేర్చుకొనుమని ఆయన చివరగా కోరిన కోరిక మాత్రము ఆ బాలుని మనస్సులో నిలిచిపోయింది. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారు ఆ కుటుంబమును ఆదరించారు.

సంగీతము నేర్పుదురని విద్వాంసుల ఇండ్లలో చేరి బట్టలు ఉతికి, వంట పనులు చేసినా అనుకున్న చదువు దొరకలేదు. చివరకు వ్రేలి ఉంగరము అమ్ముకొని విజయనగరము చేరుకున్నారు.

విజయనగరములో విద్యార్థి

విజయనగరము మహారాజా వారి సంగీత కళాశాల ఆనాడు తెలుగు దేశమునకు పెద్ద విద్యాలయము. ప్రఖ్యాత వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దానికి అధ్యక్షులుగా ఉండేవారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు ఈ పేద విద్యార్థిని చేరదీసి పాఠము చెప్పారు. శాస్త్రి గారు కూడ ధనవంతులు కారు. కనుక ఘంటసాల గారు భుజాన జోలె కట్టుకొని ఇంటింటికి తిరిగి అన్నము అడిగి తెచ్చుకొని చదువు సాగించారు. దీనినే మధుకరము అంటారు. పెట్టిన తల్లులు ఉన్నారు, లేదని పంపిన గుమ్మములు ఉన్నవి. ఈ విధముగా కష్టపడి సంగీత విద్వాన్ పట్టము పొంది ఇంటికి తిరిగి వచ్చారు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమము వచ్చినప్పుడు అందులో పాల్గొని అరెస్టు అయ్యారు. బళ్ళారి దగ్గర అలీపూర్ జైలులో శిక్ష అనుభవించారు. విడుదలైన తరువాత 1944లో సావిత్రి గారిని వివాహము చేసుకున్నారు.

మద్రాసు వీధులలో

రచయిత సముద్రాల రాఘవాచార్యులు గారి ప్రోత్సాహముతో ఘంటసాల గారు మద్రాసు చేరారు. బ్రతుకుతెరువు కొరకు ఊరు విడిచి వచ్చిన మనకు ఈ భాగము బాగుగా అర్థమగును. సముద్రాల గారి ఇల్లు చిన్నది. వారికి భారము కాకూడదని త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కులో కావలివానికి కొద్ది పైకము ఇచ్చి రాత్రులు అక్కడ నిద్రించేవారు. పగలు అవకాశముల కొరకు స్టూడియోల చుట్టూ తిరిగేవారు. మద్రాసు రేడియో కేంద్రములో పాడుటకు బాలాంత్రపు రజనీకాంతరావు గారు తోడ్పడ్డారు.

1944లో వచ్చిన సీతారామ జననము చిత్రములో బృందగానములో ఒక గొంతుగా పాడారు. 1945లో స్వర్గసీమ చిత్రములో భానుమతి గారితో కలిసి పాడిన యుగళగీతమునకు 116 రూపాయలు లభించినవి. 1949లో మనదేశము, కీలుగుఱ్ఱము చిత్రములకు సంగీత దర్శకులయ్యారు. మనదేశము ఎన్.టి. రామారావు గారికి మొదటి చిత్రము కూడ.

ప్రజలు మరువని పాటలు

1951లో పాతాళ భైరవి విడుదలైనది. సంగీతము ఘంటసాల గారిదే. ఆ చిత్రముతో ఆయన పాట పల్లెపల్లెకు చేరింది. 1953లో దేవదాసు వచ్చింది. త్రాగుడుచేత ఒక యువకుని జీవితము ఏ విధముగా నాశనమగునో చూపిన ఆ కథకు సి.ఆర్. సుబ్బురామన్ గారు సంగీతము కూర్చారు. ఘంటసాల గారు పాడిన ఆ విషాద గీతములు నేటికిని వినబడుచున్నవి. 1957లో మాయాబజార్ చిత్రములో పి. లీల గారితో పాడిన పడవ పాట, 1961లో జగదేకవీరుని కథలో పెండ్యాల గారి సంగీతములో పాడిన శివశంకరీ పాట ప్రజలకు అత్యంత ప్రియమైనవి. శివశంకరీ పాడుటకు నేటి గాయకులు కూడ జంకుదురు.

సినిమాలో లేని పాటలు కూడ ఆయనకు గొప్ప పేరు తెచ్చినవి. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపము పద్యములను ఆయన గ్రామఫోను రికార్డుగా పాడారు. కోయవద్దని పువ్వులు మొరపెట్టుకొను ఆ పద్యములు విని, బడికి పోనివారు కూడ పద్యము కంఠతా పట్టారు.

ఇంతగా ప్రజలకు నచ్చుటకు కారణమేమి? అంతకు ముందు నాటకములలో పద్యము పాడువారు చివర రాగమును చాల సేపు సాగదీసేవారు. రాగము మిగిలేది, మాట పోయేది. ఆ కాలపు రికార్డులో ఒక వైపున మూడు నాలుగు నిమిషములకంటె ఎక్కువ పట్టదు. ఘంటసాల గారు రాగమును కుదించి, మాటకు మొదటి స్థానము ఇచ్చారు. ఒత్తు ఒత్తుగా, దీర్ఘము దీర్ఘముగా పలికారు. కోపమైతే ఒక రీతి, దుఃఖమైతే ఒక రీతి, అర్థమునుబట్టి గొంతు మార్చారు. రామారావు గారికి పాడినప్పుడు ఒక విధముగాను, నాగేశ్వరరావు గారికి పాడినప్పుడు మరియొక విధముగాను వినబడేవారు. అర్థము తెలియని మాట కూడ ఆయన నోట వింటే తప్పు లేకుండ పలుకగలము.

మూడు భాషలలో

దేవదాసు తమిళములో కూడ 1953లోనే వచ్చింది. అందులోను నాయకునికి ఘంటసాల గారే పాడారు. ఆ పాటలు తమిళులు తమ సొంత పాటలుగా ఎంచుకున్నారు. కన్నడములో 1963లో వీరకేసరి చిత్రమునకు పి. సుశీల గారితో పాడిన యుగళగీతము కన్నడిగులకు నేటికిని ఇష్టమైనది. పొరుగువారి భాషను గౌరవించి పాడుటవలన ఆయన తెలుగునకు ఏ లోపమును కలుగలేదు.

అదే 1963లో ఆయన సంగీతము సమకూర్చిన లవకుశ చిత్రమును చూడండి. లవుడు, కుశుడు అను ఇద్దరు పిల్లలకు పి. లీల, పి. సుశీల గార్లు పాడారు. సుశీల గారిది విజయనగరము. లీల గారిది కేరళలోని పాలక్కాడు ప్రాంతము, మాతృభాష మలయాళము. అయినను లీల గారి తెలుగులో ఒక్క అక్షరము తొట్రుపడదు. శ్రద్ధగా నేర్చుకొన్నవారికి భాష వచ్చును, అశ్రద్ధ చేసినవారికి సొంత భాష కూడ జారిపోవును.

నష్టములు, చివరి దినములు

ఆయన జీవితములో ఓటములు కూడ ఉన్నవి. పరోపకారము, సొంతవూరు, భక్త రఘునాథ్ అను చిత్రములను స్వయముగా నిర్మించి డబ్బు పోగొట్టుకున్నారు. అయినను త్యాగరాయనగర్‌లోని ఆయన ఇంటిలో అతిథులకు లోటు ఉండేది కాదు. హిందూస్థానీ సంగీతములో మహా విద్వాంసులైన బడే గులాం అలీఖాన్ గారు మద్రాసు వచ్చినప్పుడు ఆ ఇంటిలో ఆదరణ పొందారు. ఒకనాడు అడిగి తిన్న చేయి తరువాత పెట్టుట మరువలేదు.

1970లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదు ఇచ్చింది. 1971లో ఐరోపా, అమెరికా దేశములలో ఉన్న తెలుగువారి కొరకు కచేరీలు చేశారు. అప్పటికే మధుమేహముతో, తరువాత గుండె జబ్బుతో బాధపడ్డారు. భగవద్గీత శ్లోకములను తెలుగు తాత్పర్యముతో రికార్డు చేయుట ఆయన చివరి దినముల పని. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో మరణించారు. వయస్సు 51 సంవత్సరములు మాత్రమే. 2003లో ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదలైనది.

మనము చేయదగినది

2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళ అభ్యాస చట్టము చేసిన నాటినుండి బడులలో మన పిల్లలు కూడ తమిళమును మొదటి భాషగా చదువవలసి వచ్చింది. తమిళము నేర్చుట మంచిదే, ఈ నేల మనకు అన్నము పెట్టుచున్నది. అయితే బడిలో తగ్గిన తెలుగును ఇంటిలో ఎవరు నేర్పవలెను? తెలుగు మాటలాడుచు తెలుగు చదువలేని పిల్లలు మన ఇండ్లలో పెరుగుచున్నారు. వారికి అమ్మమ్మ ఉత్తరము, తాతగారి చేతివ్రాత, మన పాటల పుస్తకము, అన్నియు మూసిన తలుపులే.

కనుక తల్లిదండ్రులకు ఒక చిన్న మనవి. వారమునకు ఒక సాయంకాలము పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఘంటసాల గారి పద్యమో పాటయో ఒకటి వినిపించండి. విన్న దానిలో నాలుగు మాటలు పలుకను, పలికిన నాలుగు మాటలు వ్రాయను నేర్పండి. గుమ్మము గుమ్మము తిరిగి అన్నము తెచ్చుకొని ఒక పిల్లవాడు విద్య సంపాదించాడు. మన పిల్లలకు కడుపు నిండ అన్నమున్నది. వారి ప్రక్కన కూర్చుండుటకు మనకు ఒక గంట తీరిక కావలెను, అంతే.