కత్తెర, జిగురు, హార్లెమ్

కోలాజ్ అంటే మనకి ఫెస్ట్ పోస్టరే గుర్తొస్తుంది. యాప్ ఓపెన్ చేస్తే రెండు నిమిషాల పని. కానీ కత్తెర, జిగురు, పాత పత్రికలతో తన జనం జీవితాన్ని మ్యూజియం గోడల దాకా తీసుకెళ్లిన ఒక చిత్రకారుడు ఉన్నారు. పేరు రొమేర్ బేర్డెన్.

1911లో అమెరికాలోని షార్లెట్ నగరంలో, ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. దక్షిణాదిలో జాతి వివక్ష తట్టుకోలేక ఎన్నో కుటుంబాలు ఉత్తరాదికి వెళ్లిపోతున్న కాలం అది. వీళ్లు కూడా న్యూయార్క్‌లోని హార్లెమ్‌కి చేరారు. తల్లి బెస్సీ జర్నలిస్టు కాబట్టి రచయితలు, సంగీతకారులు ఇంటికి వస్తూపోతూ ఉండేవారు.

కుర్రాడిగా బేస్‌బాల్ బాగా ఆడేవారు. అప్పట్లో పెద్ద లీగుల్లో నల్లవాళ్లకి చోటు లేదు. బేర్డెన్‌ది మాత్రం తెల్లని చర్మం. తెల్లవాడినని చెప్పుకుంటే జట్టులోకి తీసుకుంటామని ఆఫర్ వచ్చిందనీ, ఆయన వద్దన్నారనీ చెబుతారు.

1935లో డిగ్రీ అయ్యాక న్యూయార్క్ నగర సంక్షేమ శాఖలో ఉద్యోగం. పేదల ఇళ్లకి వెళ్లి వాళ్ల కష్టాలు వినడమే డ్యూటీ. మధ్యలో సైన్యం, పారిస్ పోగా, 1960ల చివరిదాకా ఆ ఉద్యోగం వదల్లేదు. బొమ్మలన్నీ రాత్రులూ, సెలవు రోజుల్లోనే.

1963లో పౌరహక్కుల ఉద్యమం ఊపు మీద ఉంది. ఉద్యమానికి కళాకారులుగా ఏం చేయగలమని బేర్డెన్, ఇంకొందరు నల్లజాతి చిత్రకారులు 'స్పైరల్' అనే బృందం పెట్టారు. అందరం కలిసి ఒక కోలాజ్ చేద్దామని ఆయన అడిగితే మిగతావాళ్లు ఆసక్తి చూపలేదు. సరే, ఒక్కరే మొదలుపెట్టారు. అప్పటికి వయసు యాభై దాటింది.

ఒక ఫోటోలోంచి కళ్లు, ఇంకోదాంట్లోంచి నోరు, ఆఫ్రికన్ ముసుగులోంచి ముక్కు. అతికిస్తే ఒక కొత్త ముఖం. వాటిని ఫోటోస్టాట్‌లో పెద్దవి చేయించి 1964లో ప్రదర్శనకి పెట్టారు. అప్పటి వార్తల్లో నల్లవాళ్లంటే ఎక్కువగా దెబ్బలు, గొడవలే. ఈ బొమ్మల్లో మాత్రం వాళ్లు గిటార్ వాయిస్తారు, భోజనానికి కూర్చుంటారు, రైలు వెళ్తుంటే కిటికీలోంచి చూస్తారు. జాలి కోసం కాదు, మాకూ ఒక జీవితం ఉందని చెప్పడానికి.

1971లో చేసిన 'ది బ్లాక్' దాదాపు 18 అడుగుల పొడవు. హార్లెమ్‌లోని ఒక వీధి మొత్తం అందులో ఉంది: చర్చి, మంగలి షాపు, కిరాణా కొట్టు, కిటికీల వెనక సంసారాలు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

1987లో అమెరికా ప్రభుత్వం జాతీయ కళా పతకం ఇచ్చింది. మరుసటి ఏడాది ఆయన చనిపోయారు.

వీలుంటే నెట్‌లో 'ది బ్లాక్' వెతికి, బాగా జూమ్ చేసి చూడండి. ఒక్కో కిటికీ దగ్గర కాసేపు ఆగండి.