అగ్నిపునీత జోన్ ఆఫ్ ఆర్క్

కాథలిక్ క్రైస్తవంలో ఒకరిని ‘పునీతులు’గా ప్రకటించడమంటే పోపు గారు ఒక బిరుదు ప్రసాదించడమని మనలో చాలామంది భావిస్తుంటారు. ఆ మతస్థుల దృష్టిలో పునీతులను చేసేవాడు భగవంతుడే. గతించిన ఫలానా వ్యక్తి దైవసన్నిధిని చేరుకున్నారని, భక్తులు తమ మొర ఆలకించమని వారి ద్వారా దేవునికి విన్నవించుకోవచ్చునని సుదీర్ఘ విచారణ అనంతరం ధ్రువపరచడమే మతపీఠం చేసే పని. ఆ విచారణ ఎంతటి కఠినమైనదో గ్రహించడానికి ఫ్రాన్స్ దేశపు వీరకన్య జోన్ ఆఫ్ ఆర్క్ చరితం చాలును. ఆమెను దోషిగా తీర్మానించినది మతాచార్యుల న్యాయపీఠమే. 489 సంవత్సరాల తరువాత ఆమెను వందనీయురాలిగా ప్రకటించినదీ ఆ మతమే.

సుమారు 1412లో దోంరెమీ అనే పల్లెలో, సేద్యంతో జీవించే జాక్, ఇసబెల్ దంపతులకు జోన్ జన్మించింది. అక్షరజ్ఞానం లేదు, ప్రార్థనలన్నీ తల్లి నోట విని నేర్చినవే. 1337లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజవంశాల నడుమ రగిలిన యుద్ధం అప్పటికి తరాలను దహించివేసింది. పారిస్ నగరం సైతం శత్రువుల వశమైంది. యువరాజు ఛార్లెస్‌కు పట్టాభిషేకమైనా జరుగలేదు. పదమూడవ యేట, వేసవి మధ్యాహ్న సమయాన తండ్రిగారి తోటలో తనకు దివ్యవాణి వినిపించిందని జోన్ తరువాత వెల్లడించింది. మైకేల్ దేవదూత, కాథరిన్, మార్గరెట్ అనే పునీతురాండ్రు రాజ్యాన్ని రక్షించమని తనను ఆదేశించారని ఆమె విశ్వసించింది.

1429లో పురుషవేషం ధరించి ఆమె ఛార్లెస్ ఆస్థానానికి చేరుకుంది. మతపండితులు సుమారు మూడు వారాలపాటు ఆమెను ప్రశ్నించి, దోషమేమీ లేదని తేల్చారు. ఏప్రిల్ 29న ఆమె ముట్టడిలో ఉన్న ఓర్లియాన్ నగరంలో అడుగుపెట్టింది. మే 8న ఆంగ్లసేనలు వెనుదిరిగాయి. జూలై 17న రెయిమ్స్ మహాలయంలో ఛార్లెస్‌కు పట్టాభిషేకం జరుగుతుండగా ఆమె తన పతాకాన్ని చేతబూని సమీపంలోనే నిలిచింది. అప్పటికి ఆమెకు పదిహేడేండ్లు!

మరుసటి యేడు మే 23న కంపియేన్ వద్ద ఆమె శత్రువుల చేతికి చిక్కింది. పట్టుకున్నవారు ఆమెను పదివేల లీవ్రులకు ఆంగ్లేయులకు అమ్మివేశారు. ఆమె వల్ల కిరీటం ధరించిన రాజు ఆమెను విడిపించుకోలేదు. ఆ విషయంలో అతనికి గట్టి ప్రయత్నమైనా ఉన్నట్లు కనబడదు.

రువాన్ నగరంలో బోవే బిషప్ పియర్ కోషోన్ అధ్యక్షతన విచారణ సాగింది. మతన్యాయస్థానం విచారించే స్త్రీని మతసంస్థ చెరలో ఉంచడం ధర్మం. జోన్‌ను మాత్రం సంకెళ్లతో బంధించి, ఆంగ్లసైనికుల కాపలాలో ఉంచారు. 1431 మే 24న ఒక శ్మశానవాటికలో జనసమూహం ముందు నిలబెట్టి, అగ్నిశిక్షతో బెదిరించగా, ఆమె భయపడి తన వాణిని తిరస్కరిస్తూ పత్రంపై గుర్తు పెట్టింది. నాలుగు రోజులకే ఆ మాటను ఉపసంహరించుకున్నది. మంట భయంతోనే అలా చేశానని, తన వాణి సత్యమేనని చెప్పింది. మే 30న సజీవదహనం చేశారు. కళ్లెదుట సిలువను ఎత్తి పట్టమని కోరి, యేసు నామాన్ని పలుకుతూ ఆమె ప్రాణం విడిచింది. చితాభస్మాన్ని సేన్ నదిలో కలిపివేశారు. దోషిగా తీర్మానించిన ఆ పీఠమే ఆ ఉదయం ఆమెకు దివ్యప్రసాదం స్వీకరించే అనుమతినిచ్చింది! దోషమే నిజమైతే ఆ అనుమతికి అర్థమేమిటో ఆ న్యాయాధిపతులకే తెలియాలి.

తల్లి ఇసబెల్ ఊరకుండలేదు. పోపు మూడవ కలిక్స్‌టస్ అనుమతితో 1455 నవంబరు 7న పారిస్‌లోని నోత్రదామ్ ఆలయంలో న్యాయం అర్థించింది. బాల్యస్నేహితులు, సైనికులు, తొలి విచారణలో కూర్చున్న మతాచార్యులు సహా సుమారు 115 మంది సాక్ష్యమిచ్చారు. నాడు ఆమెకు చదివి వినిపించిన పత్రం కొద్ది పంక్తులదేనని, దస్త్రాలలో చేర్చినది అంతకంటే ఎంతో పెద్దదని కూడా బయటపడింది. 1456 జూలై 7న పాత తీర్పు రద్దయింది. ఆ తల్లి రెండేండ్లకు కన్నుమూసింది.

కళంకం తొలగినంత మాత్రాన పునీతత్వం సిద్ధించదు. ఓర్లియాన్ ప్రజలు మే 8న ఉత్సవం జరుపుకుంటూ వచ్చినా, 1869లో అక్కడి బిషప్ దుపాన్‌లూ పూనుకునే దాకా ఆ దిశగా అడుగు పడలేదు. స్థానికంగా సాక్ష్యాలు సేకరించి రోముకు పంపగా, 1894లో విచారణకు అంగీకారం లభించింది. అక్కడ ప్రతి అభ్యర్థనకూ ఎదురు వాదించడానికే ఒక అధికారి ఉండేవాడు. జనం అతనిని ‘సైతాను వకీలు’ అనేవారు. శాస్త్రచర్చ ఎరిగిన మనం పూర్వపక్షి అనవచ్చును. పూర్వపక్షం ఎంత బలమైనదైతే సిద్ధాంతం అంత నిలుస్తుందన్న సూత్రం వారికీ తెలుసునన్నమాట.

ఆ పూర్వపక్షం సామాన్యమైనది కాదు. దేవమాత జన్మదినమైన సెప్టెంబరు 8న పారిస్‌పై దాడి చేయవచ్చునా? చెరలో ఉండగా ఎత్తైన బురుజు నుండి దూకడం ఆత్మహత్యాయత్నం కాదా? అన్నిటికన్నా తీవ్రమైనది, ధర్మవీరులు మరణాన్ని ఆహ్వానిస్తారు కదా, ఈమె విలపించి, భయపడి, తన వాణినే కాదన్నదే! విశ్వాసం, ఆశ, ప్రేమ, వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం అనే ఏడు సుగుణాలూ అసాధారణ స్థాయిలో ఉండాలన్నది నియమం. పత్రంపై గుర్తు పెట్టిన ఆ చేతిలో ధైర్యమెక్కడిది? నాలుగు రోజులకే, చితి ఖాయమని తెలిసి కూడా సత్యానికి తిరిగి రావడంలోనే ఉన్నదని నా అభిప్రాయం. భయమే లేనివానికి ధైర్యంతో పనేమి?

1904లో ఆమె సుగుణాలు ఆమోదం పొందాయి. ఆపై దైవసాక్ష్యం కావాలి. ఆమెను ప్రార్థించిన ముగ్గురు సన్యాసినుల వ్యాధులు నయమైన ఉదంతాలను పరిశీలించి, 1909 ఏప్రిల్ 18న పోపు పదవ పయస్ ఆమెను ‘ధన్యురాలు’గా ప్రకటించారు. మరికొన్ని స్వస్థతలను విచారించిన మీదట 1920 మే 16న పోపు పదిహేనవ బెనెడిక్ట్ పునీతురాలిగా ప్రకటించారు. 1983లో పోపు రెండవ జాన్ పాల్ ఈ పద్ధతిని సరళీకరించారు. ధర్మవీరులు కానివారికి ధన్యత్వానికి ఒకటి, పునీతత్వానికి మరొకటి అద్భుతం నేటి నియమం. పూర్వపక్షికి నాటి ప్రాబల్యం ఇప్పుడు లేదు.

పునీతుల పట్టికలో జోన్ పేరు ధర్మవీరుల వరుసలో చేరలేదు. కన్యగానే ఆమెను నమోదు చేశారు. ఉత్సవం మాత్రం ఆమె మంటలలో కలిసిన మే 30ననే జరుపుతారు.