చెరువు నీళ్ల నుంచి రాజ్యాంగం దాకా: బాబాసాహెబ్ బతుకు నేర్పే హక్కు, విధి



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఏ ఊరికి పోయినా బాబాసాహెబ్ అంబేద్కర్ విగ్రహం కనబడుతుంది. చంకలో పుస్తకం, ముందుకు చాపిన వేలు. ఏప్రిల్ 14న దండ వేస్తాం, జై భీమ్ అంటాం, ఇంటికొస్తాం. ఆ పుస్తకంలో మన హక్కులున్నాయని పిల్లోళ్లకు కూడా తెలుసు. ఆ హక్కులతో పాటు మన భుజాన పడిన బాధ్యతల గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. అందుకే ఆయన జీవితాన్ని ఈసారి ఆ వైపు నుంచి చూద్దాం.

ఆయన 1891 ఏప్రిల్ 14న మౌ అనే సైనిక పట్టణంలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, తల్లి భీమాబాయి. బళ్లో చిన్న భీమ్‌రావు గోనెపట్టా మీద, తోటి పిల్లలకు దూరంగా కూర్చోవాలి. దప్పికైతే కొళాయి ముట్టుకోకూడదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్లు. బంట్రోతు రాని రోజు నీళ్లు లేవు.

ఆ కాలపు కట్టుబాటు అంతే. కొందరికి అన్నీ హక్కులే, కొందరికి అన్నీ విధులే. చచ్చిన గొడ్డును ఈడ్చడం, ఊరికి చాకిరీ చేయడం ఒకరి విధి. బావి, బడి, గుడి మాత్రం ఇంకొకరి హక్కు. అందుకే విధి అనే మాట చెవిన పడితే మన పెద్దోళ్లకు వెట్టి గుర్తొచ్చేది. అందులో వాళ్ల తప్పేం లేదు. ఆ లెక్కను మార్చడానికే బాబాసాహెబ్ తన జీవితమంతా పెట్టారు.

బరోడా మహారాజు సాయంతో 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తర్వాత లండన్‌లో చదివి డాక్టరేటు, బారిష్టరు పట్టా తెచ్చుకున్నారు. అంత చదివినాయన తిరిగొచ్చి ఎక్కడ నిలబడ్డారు? ఒక చెరువు గట్టు మీద.

ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మరుసటి ఏడాది మహాడ్ మునిసిపాలిటీ కూడా తన చవదార్ చెరువు అందరిదీ అని ఒప్పుకుంది. కాగితం మీద హక్కు వచ్చేసింది. చెరువులోకి మాత్రం ఎవరూ దిగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకొని నడిచి వెళ్లి, దోసిలితో ఆ నీళ్లు తాగారు. వెంటనే దాడి జరిగింది. మనోళ్లకు తలలు పగిలాయి. తిరగబడడానికి బలం లేక కాదు, ఆయన ఆపారు కాబట్టి ఆగారు. ఆ సభల్లోనే ఆయన తన జనానికి కూడా పనులు అప్పగించారు: చచ్చిన గొడ్డు మాంసం మానండి, శుభ్రంగా ఉండండి, పిల్లల్ని బడికి పంపండి.

డిసెంబరులో మళ్లీ చెరువు దగ్గరికి పోదామని జనం చేరారు. ఇంతలో కోర్టు తాత్కాలిక నిషేధం వేసింది. నీళ్లు కళ్లెదుటే ఉన్నా ఆయన సత్యాగ్రహాన్ని వాయిదా వేసి, కోర్టులోనే పోరాడారు. 1937లో బొంబాయి హైకోర్టు తీర్పు మన వైపు వచ్చింది. పదేళ్లు! హక్కు కోసం రాజీ పడలేదు, చట్టాన్నీ కాలదన్నలేదు. ఆయన బతుకులో ఈ రెండూ జోడెద్దుల్లా కలిసే నడిచాయి.

1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా సంఘం ఏర్పడింది. దానికి ఆయన అధ్యక్షుడయ్యారు. అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసింది. బావులు, చెరువులు, దారులు, అంగళ్లు అందరివీ అని 15వ అధికరణం చెప్పింది. గోనెపట్టా మీద దప్పికతో కూర్చున్న పిల్లోడి బాధ కోట్లమందికి హక్కయింది.

ఆ పని ముగిసే ముందు, 1949 నవంబరు 25న, ఆయన సభలో మూడు హెచ్చరికలు చేశారు. స్వతంత్ర దేశంలో నెత్తుటి దారులు వదిలి రాజ్యాంగ మార్గాన్నే పట్టుకోవాలన్నారు. ఎంత గొప్ప నాయకుడైనా అతని పాదాల దగ్గర మన స్వేచ్ఛను పెట్టకూడదన్నారు. ఓటులో సమానత్వం వచ్చినంత మాత్రాన చాలదు, బతుకులోనూ రావాలన్నారు. చెప్పి ఊరుకోలేదు. హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టినప్పుడు 1951లో మంత్రి పదవి వదిలేశారు. 1952 ఎన్నికల్లో ఓడినా రాజ్యసభలో పని చేశారు. రాజ్యాంగ దారి విడవలేదు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో కలిసి ధమ్మం స్వీకరించారు. డిసెంబరు 6న కన్నుమూశారు. ఆ తర్వాత అచ్చయిన ఆయన గ్రంథం 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో ఒక ఘట్టం ఉంది. సిద్ధార్థుడు శాక్య సంఘంలో సభ్యుడయ్యాడు. సమావేశాలకు రావడం, తప్పు కనబడితే భయపడకుండా చెప్పడం, తనది తప్పయితే ఒప్పుకోవడం సభ్యుడి విధులు. రోహిణీ నది నీళ్ల కోసం కోలియులతో యుద్ధం చేయాలని సంఘం తీర్మానించింది. సిద్ధార్థుడు వద్దన్నాడు. సంఖ్యాబలం చాలక ఓడాడు. ఆయుధం పట్టలేదు, సంఘాన్నీ చీల్చలేదు. శిక్షగా ఇల్లు విడిచి పరివ్రాజకుడయ్యాడు. మంచి పౌరుడంటే ఎవరో బాబాసాహెబ్ ఈ కథలో చూపించారు.

రాజ్యాంగంలో ప్రాథమిక విధులు ఆయన రాసినవి కావు. ఆయన పోయిన ఇరవై ఏళ్లకు, 1976లో, 42వ సవరణతో 51-ఎ అధికరణంగా పది విధులు చేరాయి. 2002లో పదకొండోది వచ్చింది: ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి. కులమతాలు దాటి సోదరభావం పెంచడం, ఆడవాళ్లను కించపరిచే ఆచారాలు మానడం, చెరువుల్ని నదుల్ని కాపాడడం, ప్రశ్నించే బుద్ధి పెంచుకోవడం, హింస మాని ప్రజల ఆస్తిని కాపాడడం కూడా అందులో ఉన్నాయి. పంచశీలం పాటించేవాడికి ఇవి కొత్తవా? కావు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. పాత విధి కులాన్ని చూసి వేసిన వెట్టి. ఈ విధి ప్రతి పౌరుడిదీ. విధి చేయలేదన్న సాకుతో ఒకరి హక్కును ఇంకొకరు లాక్కోవడానికి వీల్లేదు.

ఇక మన ఊళ్ల సంగతి. పెన్నమ్మ ఒడ్డున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. నీళ్ల కోసం చిత్రావతి వైపు చూసే పులివెందుల. ఈ నేల పగకు పగ అంటూ ఎంత నెత్తురు చూసిందో మన ముసలోళ్లను అడగండి. నాయకుడి కోసం కత్తి పట్టి చచ్చినోడి పెండ్లాం, పిల్లలు ఏమయ్యారో కూడా అడగండి. మొదటి రెండు హెచ్చరికలు మన కోసమే చేసినట్టు లేవూ?

కాబట్టి ఓటు అమ్ముకోకండి. గ్రామసభ పెడితే పోండి, లెక్క అడగండి. బిడ్డను పనికి కాదు, బడికి పంపండి. అన్యాయం జరిగితే చట్టాన్ని పట్టుకోండి, కత్తిని కాదు. చెరువు దగ్గర ఎవరినైనా ఆపితే వాళ్ల పక్కన నిలబడండి.

ఈ ఏప్రిల్ 14న దండ వేసే ముందు ఆ విగ్రహం చంకలోని పుస్తకాన్ని ఒక్కసారి చూడండి. అందులో మనకు రావాల్సినవి ఉన్నాయి, మనం చేయాల్సినవీ ఉన్నాయి.

జై భీమ్. నమో బుద్ధాయ.