నాలుగు దారుల నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా

హైదరాబాద్ నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా, నగర ప్రణాళికలో రహదారులకు ప్రథమ స్థానమిచ్చిన దార్శనికుడిగా చరిత్రలో నిలిచారు. గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీ వంశంలో ఆయన ఐదవ సుల్తాను. తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా అనంతరం 1580లో పిన్న వయసులోనే సింహాసనాన్ని అధిష్ఠించి, 1612లో మరణించే వరకు పాలన సాగించారు.

ఆయన పాలన ఆరంభమయ్యేనాటికి గోల్కొండ కోట జనసమ్మర్దంతో క్రిక్కిరిసి ఉండేది. నీటి ఎద్దడి ప్రజలను బాధించేది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా మూసీ నదిపై నిర్మించిన వంతెన, నేటి పురానాపూల్, దక్షిణ తీరానికి మార్గం సుగమం చేసింది. ఆ తీరాన 1591లో నూతన నగర నిర్మాణానికి మహమ్మద్ కులీ శ్రీకారం చుట్టారు. ప్రణాళికా రచనలో పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ ప్రధాన పాత్ర వహించారు.

గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు సాగే వర్తక మార్గాన్ని మరొక రాజవీథి ఖండించే కూడలిలో చార్మినార్ వెలసింది. దాని నాలుగు కమానులు నాలుగు దిక్కుల దారులకు అభిముఖంగా నిలిచాయి. ఉత్తరాన చార్‌కమాన్, నడుమ గుల్జార్ హౌజ్ రూపుదిద్దుకున్నాయి. దార్-ఉల్-షిఫా వైద్యాలయం 1595లో ఏర్పడింది. ముందుగా దారులు, వాటి వెంబడి అంగళ్లు, ఆ వెనుక నివాసాలు అనునది ఈ ప్రణాళికలోని కీలకాంశం. నగరానికి ఆనాడు ప్రాకారం లేదు. 18వ శతాబ్దంలో గాని అది నిర్మితం కాలేదు. అందువలన నగరం ఈ దారుల వెంట నిరాటంకంగా విస్తరించగలిగింది.

మహమ్మద్ కులీ దక్కనీ భాషలో విస్తృతంగా కవిత్వం రచించిన సాహితీమూర్తి కూడా. ఆయన సమాధి గోల్కొండ సమీపాన కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలో ఉంది. కుమారులు లేనందున అల్లుడు సుల్తాన్ మహమ్మద్ వారసుడయ్యారు.

2007లో 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీల విలీనంతో మహా నగరపాలక సంస్థ ఆవిర్భవించింది. తదుపరి 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి పూర్తయింది. అయినప్పటికీ, పొరుగు కాలనీకి నేరుగా దారి లేక ప్రధాన రహదారి ఎక్కి చుట్టు తిరిగి రావలసిన కాలనీలు శివార్లలో అనేకం. ఇళ్లు వెలసిన పిదప వాటి నడుమ దారులు కలుపుట భూసేకరణతో, అధిక వ్యయంతో కూడిన పని. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేనాడే పక్క లేఅవుట్‌తో దారిని కలుపుట ఇందుకు పరిష్కారం. ఇళ్లకు ముందు దారి అన్న మహమ్మద్ కులీ క్రమం నాలుగు శతాబ్దాల అనంతరమూ నగర నిర్మాతలకు అనుసరణీయం.